తడి గొంగడి కసరత్తు

కాటమయ్య కొడుకు కురుమయ్య పొద్దున లేస్తూనే గొర్లను విడిచిపెట్టి గొంగడికి నీళ్లు పోస్తున్నాడని, అదేమన్నా మొలకెత్తుతుందనుకున్నాడో ఏమోనని పక్కింటి ఈదమ్మ బాయికాడ అందరికీ చెప్పిందట.

నీళ్లు పోసే మాట నిజమే. ఆ ఊరి కురుమలు ఏటా తమ కులదేవుడు బీరప్ప పెట్టెను వాగు దాటించి అవతలి గట్టున కొలుస్తారు. నీళ్లలో నడిచినంతసేపు పెట్టె తలకు తాకకుండా రెండు చేతులా పైకెత్తి పట్టాలి. ఆ వంతు మొదటినుంచీ కాటమయ్య ఇంటిది. ఈ ఏడు ఆయన భుజం పట్టేసింది. కొడుకు ఎత్తలేకపోతే వంతు పాలివాడు, కురుమయ్యకు తమ్ముడి వరసైన భిక్షపతి ఇంటికి పోతుంది.

కురుమయ్య కాళ్లకు గుట్టలెక్కడం తెలుసు. చేతులకు మాత్రం కట్టె పట్టడం తప్ప మరో పని తెలియదు. పొగబండిలో జడ్చర్ల పోయినప్పుడు కసరత్తు చేసే తాలీంలో పహిల్వాన్లు గదలెత్తడం చూసి వచ్చాడు. ఇంట్లో గద లేదు. గొంగడిని నానబెట్టి, చుట్టి, వెదురు బొంగుకు కట్టి ఎత్తడం మొదలుపెట్టాడు.

పొద్దున అది ఛాతీ దాటలేదు. ఎండెక్కాక నెత్తి దాటింది. మధ్యాహ్నానికి ఒంటిచేత్తో గిరగిరా తిప్పుతున్నాడు.

"సూడే నర్సా! ఒక్క పూటల ఎంత బలమొచ్చిందో!"

భార్య బాలనర్సమ్మ అంబలి ముంత కింద పెట్టి గొంగడిని పిసికి చూసింది.

"బలం రాలె, నీళ్లు పోయినయి. ఎండకు అప్పడమైంది గీ గొంగడి."

"గా మాట జర ముందుగాల చెప్పొద్దా?"

"మురుస్తున్నవు గదా అని ఊకున్న."

ఆనాటి నుంచి గొంగడి ఆరినప్పుడల్లా ఆమె చెంబెడు నీళ్లు గుమ్మరించేది. అతను తిట్టుకుంటూ ఎత్తేవాడు. జాతర నాటికి మోచేతులు నిటారుగా నిలిచాయి గానీ, ఎంతసేపు నిలుస్తాయో ఎవరికీ తెలియదు.

పెట్టెతో వాగులో దిగినప్పుడు బాగానే పోయాడు. వాగు నడుమకు వచ్చాక కాలికింది ఇసుక జారింది. చేతులు వణికి పెట్టె తలకు చుట్టిన రుమాలు మీద వాలింది. పళ్లు కరిచి మళ్లీ పైకెత్తాడు. అయినా అందరూ చూశారు.

"తాకింది! తలకు తాకింది!" భిక్షపతి ఒడ్డు మీదనుంచి కేకేశాడు. "పెద్దమనుషులు చెప్పుండ్రి, అన్నోళ్ల వంతు పోయినట్టేనా, కాదా?"

కాటమయ్య తల వంచుకున్నాడు. కులపెద్ద గుర్వయ్య నడుములోతు నీళ్లలో మగని వెనకే నిలబడ్డ బాలనర్సమ్మను అడిగాడు.

"ఏమంటవ్ బిడ్డా?"

"పోతె పోయింది మామా. మరిదిని జల్ది దిగి పెట్టె అందుకొమ్మను. మా ఆయన చేతులు గుంజుతున్నయి."

అందరూ భిక్షపతి వైపు తిరిగారు. భిక్షపతి ఒడ్డు మీదనుంచి కదలకుండా వాగు వైపు చూస్తున్నాడు.