బండల ఫ్యాక్టరీలో ఏరివేత

పోలీసు వ్యాను వచ్చేసరికి పొద్దున ఎనిమిది దాటింది. జమ్మలమడుగు బయట ముద్దనూరు రోడ్డులో ఉన్న ఆ బండల ఫ్యాక్టరీలో అప్పటికే మిషన్లు తిరుగుతున్నాయి. గేటు మూశారు. మిషన్లు ఆపించారు. పనివాళ్లందరినీ షెడ్డు ముందు ఎండలో నిలబెట్టి కార్డులు తీయమన్నారు. ఎస్సై గొంతు పెంచలేదు. తెలుగు వచ్చినవాళ్లు ఈ పక్కకు, రానివాళ్లు ఆ పక్కకు అని చేత్తో చూపించాడు, అంతే.

ఆ పక్కకు పదముగ్గురు పోయారు. వాళ్లలో నలుగురు ఒరిస్సా వాళ్లు. వాళ్ల పేర్లు అడిగి, విని, ఈ పక్కకు వెనక్కి పంపారు. మిగిలిన తొమ్మిది మందీ బెంగాల్లోని ముర్షిదాబాద్ జిల్లా నుంచి వచ్చిన ముస్లింలు. వాళ్ల పేర్లూ అడిగారు. వెనక్కి పంపలేదు.

ఆ తొమ్మిది మందిలో ఒకామె, రెజీనా, ఆధార్ కార్డు, ఓటరు కార్డు రెండూ చూపించింది. ఆమె భర్త సఫికుల్ కూడా చూపించాడు. ఇట్లాంటివి ఎవరైనా చేయించుకుంటారని, బంగ్లాదేశ్ నుంచి దొంగతనంగా వచ్చినవాళ్లను దేశమంతా ఏరుతున్నారని, ముప్పై రోజుల్లో ఎవరెవరో తేలుతుందని ఎస్సై చెప్పాడు. ఆ కార్డులు తీసుకుని కవర్లో వేసుకున్నాడు.

తర్వాత ఈ పక్క వరుసలో కండువా తలకు చుట్టుకున్న మాబున్ని అనే ముస్లిం ఆమెను కూడా ఆ పక్కకు పొమ్మన్నారు.

"నేను పుట్టింది ఈన్నే సార్, కొండాపురం కాడ," అందామె.

పుట్టిన సర్టిఫికెట్ ఏదన్నారు.

"ఊరే నీళ్లల్లో పోయినాది. సర్టిఫికెట్ యాడ తెచ్చేది?"

ఆ యాస విని ఒక కానిస్టేబుల్ నవ్వాడు. ఆమెను వదిలేశారు.

అన్నమ్మ ఈ పక్క వరుసలో నిలబడి ఇదంతా చూసింది. ఏడాదిగా ఆమె, రెజీనా ఒకే పాలిష్ మిషన్ దగ్గర పనిచేస్తున్నారు. బండను ఒకరు లోపలికి తోస్తే అవతల ఒకరు అందుకుంటారు. వ్యాను ఎక్కేముందు రెజీనా వెనక్కి తిరిగి ఆమె వైపే చూసింది. అన్నమ్మ తల దించుకుంది. వ్యాను పోయింది. మేస్త్రీ స్విచ్ వేసి, రెజీనా చోటులో వేరే మనిషిని నిలబెట్టాడు. అన్నమ్మ బండను తోసింది.

ఆమె రాతి గుండె మనిషేమీ కాదు. గండికోట రిజర్వాయరు నీళ్లు ఊరి మీదికి వచ్చిన ఏడాది ఇల్లు పోయింది, ఆ మరుసటి ఏడాది మొగుడు పోయాడు. బిడ్డ జెస్సికాను అమ్మ దగ్గర వదిలి కువైట్ పోయింది. రెండిళ్లు మారింది. మొదటి ఇంటివాళ్లు పాస్‌పోర్టు ఇవ్వకపోతే అది లేకుండానే రెండో ఇంట్లో చేరింది. అక్కడ సెలవు రోజైన ఒక శుక్రవారం చర్చికి పోయి వస్తుంటే వీధిలో పట్టుకున్నారు. పదమూడు రోజులు ఒక హాల్లో ఉంచి విమానం ఎక్కించారు. అక్కడ ఎవరూ ఆమెను కొట్టలేదు. ఎవరూ ఆమెతో మాట్లాడలేదు కూడా. తిరిగి వచ్చిన నాటి నుంచి ఏ సంగతీ ఆమెకు లోపలిదాకా దిగడం లేదు. జెస్సికాకు కడపలో నర్సింగ్ సీటు వచ్చిందంటే మంచిది అంది. అమ్మ చచ్చిపోతే చేయాల్సినవన్నీ చేసింది. ఏడవలేదు.

వ్యాను ఎందుకు వచ్చిందో ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. ఎండాకాలంలో ట్యాంకరు ఖర్చు ఎందుకని కంట్రాక్టరు కోత మిషన్లకు నీళ్లు ఆపించాడు. బండను పొడిగా కోస్తే దుమ్ము పొగలాగా లేస్తుంది. అది ఊపిరితిత్తుల్లో చేరి నలభై ఏళ్లకే మనుషులను మంచాన పడేస్తుంది. ఇక్కడివాళ్లు గొడవ చేస్తారనే కంట్రాక్టరు బెంగాల్ వాళ్లను తెచ్చుకున్నాడు. వాళ్లకు భాష రాదు, ఊరు తెలియదు, నోరెత్తరనుకున్నాడు. కానీ మొదట మిషన్ ఆపింది సఫికులే. పోయి స్విచ్ తీసి దాని పక్కనే కూర్చున్నాడు. ఒకరి తర్వాత ఒకరు తక్కినవాళ్లూ కూర్చున్నారు. సాయంత్రానికి ట్యాంకరు వచ్చింది. నాలుగో రోజు పోలీసులు వచ్చారు.

ఆ పొద్దు మునిగాక, రిజర్వాయరులో ఊళ్లు పోయినవాళ్లకు ఇచ్చిన పునరావాస కాలనీలో చర్చి ముందున్న రేకుల షెడ్డులో మీటింగు పెట్టారు. పిలిచింది నతానియేలు. ముప్పై ఏళ్లుగా బండల పనిలో ఉన్న మనిషి, యూనియన్‌కు కార్యదర్శి. దగ్గు ఆపుకుంటూ జరిగింది చెప్పి, ఏం చేద్దామని అడిగాడు.

వివేక్ లేచాడు. కోత మిషన్ నడిపే ఇరవై ఆరేళ్ల కుర్రాడు, నతానియేలుకు మేనల్లుడి వరస.

"ఒక మాట అడుగుతాండా మామా. వాళ్లొచ్చినాక మన కాలనీలో ఎంతమందికి పని పాయె? మా అన్న ఎనిమిది నెల్లుగా ఇంట్లో ఉండాడు. వేరే దేశం నుంచి వచ్చినోళ్లని పంపితే తప్పేంది? మన ఇంటికి తలుపుండాల్నా వద్దా?"

షెడ్డులో చాలామంది తలలు ఊపారు. రోజూ రాత్రి టీవీలో వినే మాటే అది. నతానియేలు కోప్పడలేదు. పని తీసేసింది కంట్రాక్టరని, బెంగాల్ వాళ్లను తెచ్చిందీ వాడేనని, అవసరం తీరాక పట్టిచ్చిందీ వాడేనని చెప్పాడు.

"తలుపు ఉండాల్నంటే ఉండనీ అప్పా. తలుపు కాడ నిలబడి ఎవురు బయటోళ్లో చెప్పేది ఎవురు? ఆ పొద్దు స్విచ్ తీసినోడే బంగ్లాదేశోడు ఎట్లయినాడు?"

మాబున్ని కూర్చున్న చోటునుంచే మాట్లాడింది. ఈ కాలనీకి వచ్చిన కొత్తలో పక్క ఊరివాళ్లు తమ ఆడవాళ్లను బోరు దగ్గరికి రానివ్వని సంగతి, వలస వచ్చినోళ్లకు ఈడ నీళ్లు లేవన్న సంగతి వివేక్‌కు గుర్తుందా అని అడిగింది. అప్పుడు వాడు బిందె పట్టుకునే వయసులోనే ఉన్నాడు.

"అది వేరేలే అత్తా," అన్నాడు వివేక్.

"ఈ పొద్దు నన్ను ఆ పక్కకి పొమ్మనింది గూడా వేరేనా?"

మాటలు ఎటూ తేలకుండా గంటసేపు నడిచాయి. వాళ్ల కోసం మన పని పోగొట్టుకోవాలా అని ఒకరు, మన కార్డులు మాత్రం రేపు చెల్లుతాయా అని ఒకరు. అప్పుడు అన్నమ్మ లేచింది. మీటింగుల్లో ఆమె ఎప్పుడూ మాట్లాడదు. అందరూ ఆగారు.

"కువైట్లో నన్ను పట్టుకున్యప్పుడు ఆ ఈదిలో మనోళ్లు శానామంది ఉండిరి. రాజంపేటోళ్లు, రాయచోటోళ్లు. కాగితాలుండేటోళ్లు. నన్ను చూసినారు, తలకాయ దించుకున్యారు. వాళ్లని నేనేం అనుకోల్యా. ఈ పొద్దు రెజీనా నన్ను చూసినాది. నేనూ దించుకున్యా. నాకు ఏమీ అనిపించల్యా. ఇప్పటికీ అనిపించల్యా. మనిషికి ఏమీ అనిపించకపోతే ఎట్ల? అదే చెప్పాలనుకున్యా."

కూర్చుంది. ఎవరో ఏం చేయమంటావని అడిగారు.

"నాకు తెలీదు. రేపు మాత్రం మిషన్ పట్టను."

మరుసటి రోజు ఫ్యాక్టరీలో సగం మంది పట్టలేదు. ఆ మరుసటి రోజు ఎవరూ పట్టలేదు. నతానియేలు ప్రొద్దుటూరు పోయి సింధూ అనే లాయరును కలిశాడు. ఆమె రెండు రోజులు తిరిగి, తొమ్మిది మందినీ తెచ్చింది ఆ ఊళ్లోని ఒక కల్యాణ మండపానికేనని కనుక్కుంది. రెజీనా తమ్ముడు ముర్షిదాబాద్ నుంచి ఆమె బడి రిజిస్టరు పేజీని, తాత పేరున్న పాత ఓటర్ల జాబితాను ఫోన్లో పంపించాడు. అధికారులు చూడలేదు. చూడాల్సింది తాము కాదన్నారు.

సింధూ పనివాళ్లకు ఒక సంగతి విడమరిచి చెప్పింది. అరెస్టు చేస్తే ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. వీళ్లను అరెస్టు చేయలేదు. విచారణ అన్నారు. ఏ కాగితం మీదా వీళ్ల పేర్లు లేవు. పేరు లేని మనిషిని ఎటు తీసుకుపోయినా అడిగేవాడు ఉండడు.

గురువారం పొద్దున నలభై మంది బస్సెక్కి ప్రొద్దుటూరు పోయారు. మండపం ముందు రోడ్డు మీద కూర్చున్నారు. కాలేజీ పిల్లలు పాతిక మంది వచ్చి కలిశారు. పదకొండు గంటలకు ఎదురుగా ఇంకో గుంపు చేరి, బయటోళ్లను బయటికి పంపాలని అరిచింది. రెండు గుంపుల మధ్య పోలీసులు, వాళ్ల మధ్య టీవీ కెమెరాలు. అటువైపు నుంచి ఒక ముసలాయన వచ్చి నతానియేలుతో నెమ్మదిగానే వాదించాడు. దేశం సత్రం కాదన్నాడు. ఈ దేశంవాళ్లను ఈ దేశంలోనే బంధించి పెట్టారు, ముందు కాగితాలు చూడమనే అడుగుతున్నామని నతానియేలు చెప్పాడు. ఆయన ఒప్పుకోలేదు. కానీ అరిచే గుంపులోకి తిరిగి పోకుండా ఒక అంగడి అరుగు మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం రోడ్డు ఖాళీ చేయాలని ఆర్డరు వచ్చింది. స్థానికులైతే కార్డు చూపించి పోవచ్చు, లేనివాళ్లను వ్యాను ఎక్కిస్తాం అని మైకులో చెప్పారు. వివేక్ కార్డు తీశాడు, చూపించాడు, వెళ్లిపోయాడు. ఇంకో ఎనిమిది మంది అతని వెనకే పోయారు. వాళ్లను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. నతానియేలు తన దగ్గర కార్డు లేదన్నాడు. అది జేబులోంచి బయటికి కనిపిస్తూనే ఉంది. మాబున్ని లేదంది. తక్కినవాళ్లూ వరసగా అదే మాట అన్నారు. అన్నమ్మ కూడా చెప్పింది. ఆ మాట చెబుతుంటే భయం వేయలేదు, ధైర్యమూ రాలేదు.

మగవాళ్లను అక్కడే స్టేషన్‌కు తీసుకుపోయారు. పదహారు మంది ఆడవాళ్లను వ్యాను ఎక్కించారు. మండపం ఖాళీ చేయాలని లోపలున్న ముగ్గురు బెంగాల్ ఆడవాళ్లనూ అదే వ్యానులోకి తోశారు. రెజీనా వచ్చి అన్నమ్మ పక్కన నిలబడింది. ముద్దనూరు దాటాక, ఫ్యాక్టరీలో నేర్చుకున్న తెలుగులో చెప్పింది.

"సఫికుల్ లేదు. మంగళారం తీస్కపోయినారు. ఆరు మందిని. ఎక్కడ, చెప్పలేదు."

అన్నమ్మ తనకు ఏడుపు వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. ఇద్దరూ వ్యాను కడ్డీ పట్టుకుని పులివెందుల దాకా అట్లాగే నిలబడ్డారు.

అక్కడ ఒక హాల్లో కూర్చోబెట్టారు. సాయంత్రం ఒక అధికారి వచ్చి, పెద్ద మనసుతోనే అన్నట్టు, ఊరివాళ్లు సంతకం పెట్టి ఇళ్లకు పోవచ్చని, కేసు కూడా ఉండదని చెప్పాడు. ఈ ముగ్గురు మాత్రం ఉంటారు. ఎవరూ లేవలేదు. ఆయన ముందు వరసలో ఉన్న అన్నమ్మను చూశాడు.

"ఆమె నీకేమైతుంది?"

"ఏం గాదు సార్. ఒకే మిషన్ కాడ పనిచేస్తాం."

"అయితే నువ్వు పో."

"పోను సార్. మా మీద కేసు రాయండి. పంతొమ్మిది మంది మీదా రాయండి."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. కేసు వద్దని కాళ్లు పట్టుకునేవాళ్లను చూశాడు కానీ కేసు రాయమనేవాళ్లను చూడలేదు. మాబున్ని విప్పి చెప్పింది. రోడ్డు అడ్డగించినారు, మాట వినల్యా, ఏదైనా రాసుకోండి, ఈ ముగ్గురి పేర్లు కూడా మా పేర్ల మధ్యలో రాయండి. పేరు కాగితం మీదికి ఎక్కితే మేజిస్ట్రేటుకు చూపించాల్సి వస్తుందని ఆయనకు అప్పుడు అర్థమైంది. ఈ ముగ్గురూ రోడ్డు మీద కూర్చోలేదు కదా అన్నాడు. వ్యానులో మాతోపాటే వచ్చినారు కదా అంది అన్నమ్మ.

ఆయన పదహారు పేర్లతో కాగితం రాయించాడు. ఆడవాళ్లు దాని మీద సంతకం పెట్టలేదు. అన్నం తెప్పించాడు. ముట్టలేదు. ఇంతలో అరటికాయల ప్యాకింగ్ షెడ్లలో పని దిగిన కూలీలు హాలు ముందు చేరడం మొదలుపెట్టారు. పులివెందుల చుట్టుపక్కల పల్లెలవాళ్లు, బీహార్ వాళ్లు, ఒరిస్సా వాళ్లు. ఫోన్లలో ప్రొద్దుటూరు వీడియో చూసి వచ్చారు. నినాదాలు ఇవ్వలేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టు కూర్చున్నారు. సింధూ కూడా ప్రొద్దుటూరు నుంచి చేరుకుంది. అధికారి మూడుసార్లు ఫోన్ మాట్లాడి, లోపలికి వచ్చి ఆ కాగితం చించి కొత్తది రాయించాడు. తొమ్మిదో పేరు అన్నమ్మది. పదో పేరు రెజీనాది, ఆమె ఊరు, తాలూకా, జిల్లాతో సహా.

మరుసటి రోజు మధ్యాహ్నం పంతొమ్మిది మందినీ మేజిస్ట్రేటు ముందు నిలబెట్టారు. ఆయన అందరినీ ఒకే మాదిరిగా పేరు పిలిచి చూశాడు. బెయిలు ఇచ్చాడు. మంగళవారం తీసుకుపోయిన ఆరుగురు మగవాళ్ల కోసం, ఎక్కడున్నారో చూపించమని సింధూ హైకోర్టులో పిటిషన్ వేసింది.

ఆ సాయంత్రం జమ్మలమడుగు బస్టాండులో నతానియేలు ఎదురొచ్చాడు. అతన్నీ బెయిలు మీద వదిలారు. కంట్రాక్టరు పొద్దున కర్నూలు వైపు నుంచి రెండు లారీల కొత్త కూలీలను దించాడని, వాళ్లు లోపలికి పోలేదని చెప్పాడు. గేటుకు అడ్డంగా పడుకుని జరిగింది చెప్పింది వివేక్ అట. ఆ లారీల్లోనే వాళ్లు వెనక్కి పోయారట. మాట తెలిసి రోడ్డు పొడవునా ఉన్న ఇంకో పదకొండు ఫ్యాక్టరీల్లో మిషన్లు ఆగాయట. నతానియేలు ఇదంతా మామూలుగా, దగ్గుతూ చెప్పాడు.

శనివారం పొద్దున అందరూ, పక్క ఫ్యాక్టరీలవాళ్లతో సహా, ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చున్నారు. ఒరిస్సా వాళ్లు నలుగురూ ఉన్నారు. వివేక్ ఎవరి ముఖమూ చూడకుండా ఒక చివర కూర్చున్నాడు. మాబున్ని పోయి అతని పక్కన చోటు చేసుకుంది. పది గంటలకు కంట్రాక్టరు కారు దిగాడు. నీళ్ల ట్యాంకరు రోజూ వస్తుందని, మాస్కులు ఇస్తానని, పాత సంగతులు మరిచిపోయి పనిలోకి రమ్మని చెప్పాడు. పోలీసుల సంగతి తనకు తెలియదన్నాడు.

రెజీనా లేచి నిలబడింది.

"ఆరు మంది యాడ?"

ఆయన స్టేషన్లో కనుక్కోమన్నాడు. ఆమె మళ్లీ అదే అడిగింది. మూడోసారి అడిగేటప్పటికి గేటు ముందున్న మూడు వందల మందీ అడిగారు. అన్నమ్మ కూడా అడిగింది. కంట్రాక్టరు కారెక్కి అద్దాలు వేసుకున్నాడు. డ్రైవరు హారన్ మోగించాడు.

ఎండ ముదురుతోంది. ఎవరూ దారి ఇవ్వలేదు.