సిండికేట్ మెంబర్

మా అక్క బుగ్గమ్మ కొడుకు మల్లికార్జున్ యూనివర్సిటీ సిండికేట్‌లో మెంబర్ అయ్యాడు. పీహెచ్‌డీ చేసే పిల్లల తరఫున ఒకణ్ణి కూర్చోబెట్టాలట, వీణ్ణి కూర్చోబెట్టారు. కూర్చోవడంలో వీడికి ముందునుంచీ మంచి పేరుంది. చిన్నప్పుడు గొర్లు కాయమన్నా కూర్చునే కాసేవాడు.

కుల్కచర్ల నుంచి అక్క ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది.

"తమ్మీ, పోరడు సిండికేట్ల కలిసిండట. గింత సదివి వైన్ షాపులోళ్లతోని తిరుగుడేందిరా?"

మా వైపు సిండికేట్ అంటే రెండే. వైన్ షాపులవాళ్లు కూడబలుక్కుని సీసా రేటు పెంచడం ఒకటి, తాండూరు మార్కెట్ యార్డులో సేట్లు కూడబలుక్కుని కందుల రేటు దించడం ఇంకొకటి. "గది గాదక్కా, యూనివర్సిటీని నడిపే పెద్దమనుషుల కమిటీ" అని సర్దిచెప్పాను. ఏడో తరగతిలో బడి మానేసిన నేను, బడి మొహమే చూడని అక్కకు యూనివర్సిటీ మీద పాఠం చెప్పాను.

ఆ కమిటీతో నాకూ పని పడింది. నా బిడ్డ భవ్యశ్రీ వికారాబాద్‌లో ఆ యూనివర్సిటీ వాళ్ల పీజీ సెంటర్‌లోనే ఎమ్మెస్సీ చదువుతోంది. పొద్దున తాండూరులో రైలెక్కుతుంది, చీకటి పడేలోపు ఇల్లు చేరుతుంది. ఆ సెంటర్ ఎత్తేసి హైదరాబాద్ క్యాంపస్‌లో కలిపేస్తారని, వచ్చే మీటింగ్‌లోనే తేల్చేస్తారని వార్త. కలిపితే మా వైపు ఆడపిల్లల చదువు అక్కడితో సరి. హైదరాబాద్‌లో గది తీసి ఉంచే స్తోమత బండలకు పాలిష్ పట్టేవాడికి ఎక్కడిది?

మల్లికార్జున్ మా ఇంటికి వచ్చినప్పుడు అడిగాను. మెడలో గుర్తింపు కార్డు వేలాడుతోంది. మా ఇంట్లో వాణ్ణి గుర్తుపట్టనివాళ్లు ఎవరున్నారో!

"వద్దని ఒక్క మాట గట్టిగ అను అల్లుడా."

"నా అసమ్మతి రికార్డు జేయిస్త మామ."

"రికార్డెందుకురా, పాట పాడుతవా? నోరు తెరువు సాలు."

"తెరుస్త మామ, నువ్వు ఫికర్ జెయ్యకు."

మీటింగ్ అయింది. సెంటర్ ఎత్తేశారు. ఆ ఆదివారం వీడు మిఠాయి డబ్బా, మీటింగ్ ఫొటో పట్టుకుని దిగాడు. ఫొటోలో మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాడు.

"ఏమన్నవ్‌రా ఆడ?"

"గది అజెండాల లేకుండె మామ, ఆఖర్ల తెచ్చిండ్రు. మా గైడ్ సారు నాకు ఎదురుంగనే కూసున్నడు. నా థీసిస్ మీద సంతకం ఆయనదే గదా. అందరు ఊకున్నరు..."

"నువ్వు?"

"నేను గూడ."

పక్కింటి కందుల వ్యాపారి వీరేశం సేటు మా అరుగు మీదే కూర్చుని మిఠాయి తింటున్నాడు. పగలబడి నవ్వాడు.

"జంగప్పా, యార్డుల మేం జేసేది గూడ గిదే! ఒగడు రేటంటడు, మిగిలినోళ్లం ఊకుంటం. మాకు గీ ఫొటోలు తీసేటోడు లేడు గంతే."

అక్క సరిగ్గానే విన్నది. తప్పు పాఠం చెప్పింది నేనే.

భవ్యశ్రీ లోపలి నుంచి వచ్చి నిలబడింది.

"బావా, మా సెంటర్ పేరు సదివినప్పుడు నువ్వేం జేస్తున్నవ్?"

వాడు కొంచెం ఆలోచించి, "జీడిపప్పు తింటున్న" అన్నాడు. నిజమే చెప్పాడు. ఆ పదవిలో వాడు చెప్పిన నిజం అదొక్కటే అయి ఉంటుంది.

"నువ్వు పరేషాన్ గాకు భవ్యా. క్యాంపస్ హాస్టల్ల నీకు సీటిప్పిస్త. మెంబర్ మాటంటే వార్డెన్ కాదనదు."

"నాతోని రైలెక్కే నాగరాణికి? దీక్షితకు?"

"అందరికంటే ఎట్లయితది?"

బిడ్డ నా వైపు చూసింది. వద్దంటానని అనుకున్నట్టుంది. తీసుకో అన్నాను. ఊకున్న అల్లుడికి తగ్గ మామ అని మీరనుకుంటే అనుకోండి. దాని చదువు ఆగితే మీలో ఎవరూ వచ్చి చదివించరు.

నాగరాణి చదువు మానేసింది. దీక్షిత సంగతి తెలియదు.

హాస్టల్‌లో చేర్చిన రోజు మల్లికార్జున్ గేటు దగ్గరే నిలబడి, వార్డెన్‌కు మమ్మల్ని చూపించి, సంతకాలన్నీ దగ్గరుండి చేయించాడు. పెట్టె తీసుకుని లోపలికి పోతూ భవ్యశ్రీ, "థాంక్స్ సార్" అంది.

అప్పటినుంచి వాణ్ణి బావా అని పిలవలేదు. పండక్కి వచ్చినా, పెళ్లిలో కనబడ్డా, సార్ అనే అంటుంది. పిల్లకు పెద్దలంటే మర్యాద తెలిసొచ్చిందని వాడు మా అక్క దగ్గర మెచ్చుకున్నాడట.