విద్యార్థులు లేక మూతపడిన కాలేజీ

స్ప్రూస్ గ్యాప్ కాలేజీ ఉన్న చోట ఇప్పుడు పశువుల మేత పెరుగుతోంది. దాని గుర్తుగా కిందటేడు రాష్ట్రం వాళ్లు హైవే పక్కన పోత పోసిన పలకొకటి పాతారు.

పలక మీద కప్పిన గుడ్డ తీసే రోజు ఊరంతా వచ్చింది, అంటే చర్చిలో రెండు వరసలు నిండేంత మంది. రాజధాని నుంచి వచ్చిన లెనోర్ అనే ఆఫీసరు పలక మీదున్నది పైకి చదివింది: “కొండపిల్లల కోసం పెట్టిన కళాశాల. విద్యార్థులు లేక 1953 జనవరిలో మూతపడింది.”

ముందు వరసలో మడతకుర్చీలో కూర్చున్న మా మేనత్త వెర్డీ చెయ్యెత్తింది. అత్తకి ఎనభై దాటాయి.

“విద్యార్థులు లేకనా? మరి నేనెవర్నమ్మా?”

కాలేజీ నడిపిన చర్చి వాళ్లు అప్పట్లో రాసుకున్నదే వేశామంది లెనోర్.

“వాళ్లేమైనా రాసుకుంటారు. మంచు పడుతుంటే పంతుళ్లంతా ఒకే ట్రక్కెక్కి కొండ దిగిపోయారు. మేం నలుగురం మిగిలాం. పొయ్యి మేమే రాజేశాం, గంట మేమే కొట్టాం, ఒకళ్లకొకళ్లం పాఠాలు చెప్పుకున్నాం. మేలో పరీక్షలు కూడా పెట్టుకున్నాం. ఆ తరవాతే మూశాం. తాళం వేసింది నేను.”

“దీనికి సాక్షులెవరైనా ఉన్నారాండీ?”

అందరూ వెనక్కి తిరిగి హోబర్ట్‌ని చూశారు. రంపపు మిల్లులో పని చేసి మానేసిన మనిషి. ఆ నలుగురిలో అత్త కాక బతికున్నది అతనొక్కడే. నాకు ఊహ తెలిశాక అత్త అతనితో మాట్లాడగా చూడలేదు.

“నిజమే,” అంటూ లేచాడు హోబర్ట్. “పరీక్షలూ నిజమే. జామెట్రీ పేపరు దిద్దింది నేనే. వెర్డీ తప్పింది.”

“ఒరేయ్! ఆ మూడో లెక్క నువ్వే తప్పుగా ఇచ్చావు!”

“లెక్క బాగానే ఉంది. నీకే రాలేదు.”

ఇద్దరూ వాంగ్మూలం రాసి సంతకాలు పెడితే పలక మారుస్తామంది లెనోర్. పెడతాను గానీ జరిగిందంతా రాయాలి, వెర్డీ తప్పిన సంగతితో సహా, అన్నాడు హోబర్ట్. అయితే అక్కర్లేదంది అత్త. చలికాలమంతా ఆ పలక అలాగే నిలబడింది.

“ఆ కాలేజీ ఇచ్చిన ప్యాసుకి విలువేముంది అత్తా? కాగితం ఇచ్చే నాథుడే లేడుగా,” అన్నాను ఒకరోజు.

“లేడు. అయినా నేను పంతులమ్మ ఉద్యోగానికి అడగనే లేదురా. తప్పినదాన్ని ఏ మొహంతో అడగను? మేజోళ్ల మిల్లుకి పోయాను,” అంది బంగాళాదుంప చెక్కు తీస్తూ.

మంచు కరిగాక అత్త నన్ను కారు తియ్యమంది. హోబర్ట్ వరండా ఎక్కి, “పేపరియ్యి, మళ్లీ రాస్తాను,” అంది.

హోబర్ట్ నవ్వలేదు. పాత క్యాలెండరు కాగితం వెనక లెక్కలు వేసిచ్చాడు. మూడోది అప్పటిదే, అతనికి ఇంకా గుర్తుంది: నాలుగు, ఐదు, పది అంగుళాల భుజాలతో త్రిభుజం గియ్యండి. అత్త మిగతావన్నీ చేసి, దాని కింద ‘ఇది రాదు’ అని రాసింది.

హోబర్ట్ పెన్సిలు చెక్కి దిద్దడం మొదలెట్టాడు. మూడోదాని దగ్గర ఆగాడు. స్కేలు తెచ్చుకుని తనే గీశాడు. చెరిపాడు. మళ్లీ గీశాడు. రెండు చిన్న గీతలూ ఎంత వంచినా ఒకదాన్నొకటి అందుకోలేదు.

“అప్పుడు తొందరలో ఏ ఆరో రాయబోయి పది రాసుంటాను,” అన్నాడు చివరికి. “అప్పుడే చెప్పకపోయావా, వెర్డీ?”

“చెప్పాను. పేపరు మీద రాశాను కూడా. నువ్వు సున్నా చుట్టావు.”

హోబర్ట్ మూడోదాని పక్కన టిక్కు పెట్టి, మార్కులు కూడాడు.

“ఇంతకీ ప్యాసయ్యానా?”

“అయ్యావు. మార్కులు మాత్రం అడక్కు.”

ఆ వారమే ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆకులు రాలే వేళకి కొత్త పలక వచ్చింది: “పంతుళ్లు వెళ్లిపోయాక విద్యార్థులే నడిపి, మేలో మూశారు.” పేర్లకి చోటు చాల్లేదట. అత్త రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఫొటో తియ్యనివ్వలేదు, గాలికి జుట్టు రేగిందంది.

హోబర్ట్ మమ్మల్ని భోజనానికి పిలిచాడు. చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె. కూరలో ఉప్పెక్కువైంది. అత్త ఆ మాట అతని మొహం మీదే అనేసి, ఇంకో గరిట వడ్డించుకుంది.