రెండో చెయ్యి పడని టంకం

స్క్రూడ్రైవరు పెట్టకముందే ఆయన స్క్రూల తలలు చూస్తాడు. గీతల్లో ఫ్యాక్టరీ రంగు చెక్కుచెదరకుండా ఉందంటే ఆ డబ్బాను ఇంతవరకూ ఎవరూ తెరవలేదని అర్థం. ఈ పొద్దున బల్ల మీదికొచ్చిన పెడల్‌కు నాలుగు మూలలా రంగు లేచిపోయి ఉంది. ఆయన కళ్ళజోడు మీదికి భూతద్దం దించుకుని, ఎదురుగా కూర్చున్న మనిషి వైపు చూడకుండా వెనక రేకు విప్పాడు.

పెడల్ అంటే గిటారు వాయించేవాళ్ళు కాలి దగ్గర పెట్టుకునే ఇనుప డబ్బా. గిటారు తీగ ఒక పక్క నుంచి దూరుతుంది, స్పీకరుకు వెళ్ళే తీగ రెండో పక్క నుంచి బయటికొస్తుంది. మధ్యలో ఉన్న మీటను కాలితో నొక్కితే నున్నటి స్వరం గరుకెక్కి, గొంతు జీరబోయిన మనిషి పాడినట్టు మోగుతుంది. పాత పెడళ్ళంటే వాయించేవాళ్ళకు పిచ్చి. ఆ పిచ్చి మీద బతికే నకిలీలూ బోలెడు. అందుకే ఈ పాత వాయిద్యాల దుకాణంలో, వెనక గది కిటికీ పక్కన ఆయనకొక బల్ల ఉంది. ఏది ఏ ఏడాదిదో, ఏది అసలో ఏది నకలో తేల్చడం ఆయన పని. అందరూ ‘తారీఖులాయన’ అంటారు. ఆయనకు మాత్రం గిటారు వాయించడం రాదు.

“డబ్బా అసలుదేనండీ. లోపలి బోర్డు ఈమధ్య పెట్టింది. టంకం చూడండి, తళతళలాడుతోంది. పాతదైతే బూడిదరంగుకు తిరుగుతుంది.”

ఎదుటి మనిషి బ్యాంకులో క్యాషియరు, సాయంత్రాలు స్నేహితులతో బ్యాండులో వాయిస్తాడు. “అంటే మోసమాండీ?”

“మోసమని కాదు. పాడైతే ఎవరో మార్చుకుని ఉంటారు.”

“మోగుతుందిగా?”

“మోగుతుంది.”

“ఇంకేం మరి! మీరు పోస్టుమార్టం చేసిన డాక్టరులా మొహం పెడితే హడలి చచ్చాను.” క్యాషియరు డబ్బాను సంచిలో వేసుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆయనకు నవ్వు రాలేదు. సొరుగులాగి, మెత్తటి గుడ్డలో చుట్టి ఉన్న ఇంకో పెడల్‌ను బయటికి తీశాడు. అది బావది.

అక్క పెళ్ళినాటికి ఆయన బడికెళ్ళే పిల్లవాడు. అమ్మానాన్నలు లేకపోవడంతో అక్కతోపాటే బావ ఇంటికి చేరాడు. బావ ఒక హోటల్ భోజనాల హాల్లో గిటారు వాయించేవాడు. జనం తింటూ, మాట్లాడుకుంటూ, బిల్లు తెమ్మని కేకలేస్తూ ఉంటే ఓ మూల నిలబడి వాయించడం. తెగిన స్పీకరు తీగలన్నీ ఇంటికి తెచ్చి “బామ్మర్దీ, నువ్వే దిక్కు” అనేవాడు. టంకం పెట్టే మొదటి సోల్డరింగ్ ఐరన్ కొనిపెట్టింది కూడా బావే. చేతులు కాల్చుకుంటూ నేర్చుకున్న ఆ పనే ఆయనకు చదువైంది, ఉద్యోగమైంది, పెళ్ళీ పిల్లలూ లేని జీవితానికి కాలక్షేపమూ అయింది. తర్వాత హోటల్ వాళ్ళు పాటల క్యాసెట్లు పెట్టుకుని బ్యాండును మాన్పించారు. బావ వాయించినదాన్ని రికార్డు చేసినవాళ్ళెవరూ లేరు.

ఊపిరితిత్తులు చెడిపోయి, ఇక ఇంట్లోనే ఉంచుకొమ్మని ఆస్పత్రి వాళ్ళు పంపించాక, బావ అటక మీంచి ఈ పెడల్ దింపించాడు. మోగలేదు. “ఒక్కసారి ఆ గొంతు వినాలనుందిరా” అని బామ్మర్ది చేతిలో పెట్టాడు.

విప్పబోతూ ఆయన ఆగిపోయాడు. నాలుగు స్క్రూల మీదా రంగు ఉంది. రంగు పగలకుండా వేడిచేసి మెల్లగా తీస్తే, లోపల టంకమంతా బూడిదరంగులో, ఒకే చేతి పనితనంతో ఉంది. విడిభాగాల మీది అంకెలన్నీ ఒకే ఏడాదివి. రెండో చెయ్యి పడని పెడల్. ఇన్నేళ్ళ పనిలో అలాంటిది ఆయన కంటపడలేదు. లోపమల్లా ఒక్కటే, గోరంత కెపాసిటర్ ఒకటి ఎండిపోయింది. అలాంటిది కొత్తది ఆయన సామాన్ల డబ్బాలోనే ఉంది. వేస్తే టీ చల్లారేలోపు పని అయిపోతుంది. కానీ కొత్తది వేస్తే అంకెల్లో అదొక్కటి వేరే ఏడాదిదవుతుంది; టంకం ఎలాగూ కదలక తప్పదు, భాగమైనా ఆ ఏడాదిదే కావాలనుకున్నాడు. అందుకని అదే కంపెనీ, అదే ఏడాది కెపాసిటర్ కోసం తెలిసిన ప్రతి మనిషికీ ఉత్తరాలూ ఫోన్లూ మొదలుపెట్టాడు.

“మోగించమంటే దానికి పుట్టినరోజు చేస్తావేంట్రా?” అనేవాడు బావ, వెళ్ళినప్పుడల్లా.

“ఆగు బావా. చేజేతులా చెడగొట్టకూడదు దాన్ని.”

“దానికంటే ముందు నేను చెడిపోతున్నాను కదరా!”

“ఏం మాటలవి?” అని అక్క కసిరేది. బావ నవ్వబోయి దగ్గులో పడేవాడు. ఆయన మాత్రం ఇంకొక్క వారం అనుకుంటూ ఇంటికొచ్చేవాడు.

ఇవాళ పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. “ఒరేయ్, వస్తావా? నిద్రలేచిన దగ్గర్నుంచీ గిటారు దింపమని గోల. ఊపిరాడదు గానీ ఊరుకోరే మనిషి.”

“సాయంత్రం తెస్తానక్కా. ఆ పార్సెల్ ఇవాళ వస్తోంది.”

పార్సెల్ భోజనాల వేళ దాటాక వచ్చింది. అదే కంపెనీ, అదే ఏడాది, అదే నీలిరంగు తొడుగు. మీటరు పెట్టి చూశాడు. ముల్లు కదల్లేదు. తిప్పి పెట్టాడు. అయినా కదల్లేదు. ఆ వయసువన్నీ ఒకేలా ఎండిపోతాయని బల్ల ముందుకొచ్చిన ప్రతివాళ్ళకూ ఆయనే చెబుతుంటాడు. బావ పెడల్ దగ్గరికొచ్చేసరికి ఆ మాట ఎందుకు గుర్తు రాలేదో ఆయనకే తెలియలేదు.

దుకాణం యజమానురాలు టీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి తొంగిచూసింది. “దొరికిందా?”

“దొరికిందమ్మా. పనికిరాదు.”

“పోనీ వదిలెయ్యండి. మీ బావగారితో నేను మాట్లాడతాను. దాన్ని మన అద్దాల బీరువాలో పెట్టుకుందాం.”

‘ఇంకేం మరి’ అన్న క్యాషియరు మాట ఆయన చెవుల్లోనే ఉంది. సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పెట్టాడు. దాని ముక్కు వేడెక్కగానే పాత టంకం మీద ఆనించాడు. బూడిదరంగు ఒక్కక్షణం వణికి, కరిగి, వెండిచుక్కలా మెరిసింది. ఎండిపోయినది ఊడదీసి కొత్తది కూర్చాడు. యజమానురాలు గోడకున్న గిటారు దింపి, దాని తీగా స్పీకరు తీగా పెడల్‌కు తగిలించింది. మీట నొక్కి ఒక్కసారి మీటింది.

గది నిండా ఆ జీర గొంతు. చిన్నప్పుడు హోటల్ వంటింటి మెట్ల మీద కూర్చుని, బావ పని అయ్యేదాకా కునికిపాట్లు పడుతూ విన్నది అదే. బల్ల మీది టీ గ్లాసు ముట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది. ఇంత చిన్న పని. ఎన్ని వారాలు ఆపాడు! ఆయన ముఖం తిప్పుకుని ఐరన్ ముక్కును తడిగుడ్డకేసి చాలాసేపు తుడిచాడు.

బస్సులో పెడల్‌ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బావ ఏమంటాడో తెలుసు. ‘ఇప్పటికి దయ కలిగిందా సారువారికి?’ అంటాడు.

వీధి తలుపు బార్లా తీసి ఉంది. పక్కింటావిడ వాకిట్లో నిలబడి ఆయన్ని చూసి పక్కకు తప్పుకుంది. అక్క మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఉంది, లేవలేదు. బావకు మెడ దాకా దుప్పటి కప్పి ఉంది.

“మధ్యాహ్నం నిద్రలోనే పోయార్రా. నీకు ఫోన్‌లో చెప్పడానికి నోరు రాలేదు. వస్తావు కదా అని...”

“నిన్ననే చేసి తేవాల్సిందక్కా.”

అక్క దుప్పటి అంచు సరిచేసింది. తిట్టుంటే బాగుండేది.

“పొద్దున తనే అన్నీ అమర్చుకున్నారు. వాడు రాగానే ఆలస్యం కాకూడదన్నారు” అంది.

ఆయన అప్పుడు నేల వైపు చూశాడు. గోడకు ఆనించిన గిటారు నుంచి ఒక నల్లటి తీగ మంచం దాకా వచ్చి ఆగింది, స్పీకరు నుంచి ఇంకొకటి ఎదురొచ్చి ఆగింది. ఆ రెండు ఇత్తడి కొసల మధ్య, కాలికి అందేటంత దగ్గరలో, ఒక పెడల్ పట్టేంత జాగా శుభ్రంగా తుడిచి ఉంది.