చిన్న దెబ్బ

నీళ్లు పోసుకుంటూ పాలిషు మిషను చక్రాన్ని నాపబండ మీద అటూ ఇటూ నడిపిస్తున్నాడు ప్రకాశం. తెల్లటి బురద మోకాళ్ల దాకా చిమ్ముతోంది. పొట్టి మనిషి. ముప్పై ఏళ్ల రాతిదుమ్ముకు కనుబొమలు ఎప్పుడు నెరిశాయో ఆయనకే తెలీదు. నలుగురు అన్నదమ్ముల్లో కడగొట్టువాడని ఇంట్లో చిన్నోడన్నారు. యాభై ఎనిమిదేళ్లు వచ్చినా బేతంచెర్లలో అదే పేరు నిలిచిపోయింది. ఆయన కళ్లముందు బడికి పోయిన రామకృష్ణారెడ్డి ఇప్పుడు ఫ్యాక్టరీ యజమాని. అతనికీ ఆయన చిన్నోడే.

"చిన్నోడా, చిన్న పనుండాది, రా."

యజమాని నోట చిన్న పని అంటే ఎంతో ప్రకాశానికి తెలుసు. పోయిన నెల ఒక చిన్న పని రెండు రోజులు సాగింది. ఈరోజు కూలీలు ఇద్దరు రాలేదు, లారీకి బండలెత్తాలి. మిషను ఆపి వెళ్లాడు.

"చిన్నిల్లు వదిలిపెట్టి వస్తాండాడు, పాపం," అన్నాడు లారీ మీదున్న కంబన్న, పాలిషు మిషను వైపు చూపిస్తూ. అందరూ నవ్వారు. ప్రకాశమూ నవ్వాడు.

మధ్యాహ్నం దాటాక, ఆనించి పెట్టిన బండ ఒకటి జారి, అంచుతో ఆయన పొట్టకు కొట్టి పక్కకు పడింది. నెత్తురు రాలేదు. చొక్కా కూడా చిరగలేదు. రామకృష్ణ వచ్చి చూశాడు.

"చిన్న దెబ్బేలే. నీళ్లు తాగి రోంతసేపు కూచో."

ప్రకాశానికి లోపల ఏదో తెగినట్టుంది. ఆ మాట చెబుదామనుకున్నాడు. చెబితే లారీ ఆగిపోతుంది, పని చేసేవాళ్లంతా తనవైపే చూస్తారు. అంతమంది తనను చూడటం ఆయనకు అలవాటు లేదు.

"అంతేలే రెడ్డీ," అన్నాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి పొట్ట బిగిసిపోయింది. భార్య విశ్వాసమ్మ పెట్టిన సంగటి ముట్టలేదు.

"మొగం అంత చిన్నబోయిండాది, ఏమైంది?"

"చిన్న దెబ్బ తగిలిందిలే."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. ఇక ఆయన్నేమీ అడగకుండా పక్కింటి సంతోషమ్మతో ఆటో పిలిపించింది. ఊళ్లో డాక్టరు పొట్ట నొక్కి చూసి అంబులెన్సుకు ఫోన్ చేశాడు. కర్నూలు పెద్దాసుపత్రికే పోవాలన్నాడు.

అంబులెన్సులో ఉద్యోగి కాగితం తీసి పేరు అడిగాడు.

"చిన్నో..." అని ఆగింది విశ్వాసమ్మ. పెళ్లయిన నాటి నుంచీ మొగుడి పేరు ఆమె నోట రాలేదు. "ప్రకాశం," అంది తలొంచుకుని.

ఆయన కళ్లు తెరిచి ఆమెను చూశాడు.

"నొప్పి ఎట్లుండాది, పెద్దాయనా?" అన్నాడు ఉద్యోగి.

ప్రకాశం పెదాలు తడుపుకున్నాడు.

"శానా," అన్నాడు.

దారిలో ఓర్వకల్లు రాళ్లగుట్టల మీద చీకటి పడుతుండగా, విశ్వాసమ్మ పట్టుకున్న చెయ్యి బరువెక్కింది. ఉద్యోగి ఆయన మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసి, డ్రైవరును నిదానంగా పొమ్మన్నాడు. ఆమె ప్రార్థన మొదలుపెట్టింది, మాటలు గుర్తు రాలేదు.

పొద్దున శవాన్ని తెచ్చేసరికి వాకిట్లో జనం చేరి ఉన్నారు. గడప పక్కన, ఆయన వంగలేక కాలితో తోసి విడిచిన రబ్బరు బూట్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. మడమల దగ్గర రాతిబురద తెల్లగా ఎండి ఉంది.