ఫింజాను ఊపే విద్య

వజ్రపుకొత్తూరు మండలంలో పరదేశ మర్యాదలకు ఒక పీఠమంటూ ఉందంటే అది కూర్మనాథం ఇంటి అరుగే. పీఠాధిపతి మస్కట్‌లో ఏళ్ల తరబడి పైపులు వెల్డింగు చేసి, మూత్రపిండాలు మొరాయించడంతో తిరిగొచ్చి, ప్రస్తుతం వారానికి రెండుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ మంచాన్ని అలంకరించి వస్తున్న మహానుభావుడు. గల్ఫుకు వెళ్లే కుర్రవాళ్లందరూ విమానం కన్నా ముందు ఆ అరుగు ఎక్కవలసిందే.

ఆ సాయంత్రపు శిష్యుడు సొంత మేనల్లుడు ఉమామహేష్. వీసా వచ్చింది. విశాఖలో చేయించుకున్న వైద్యపరీక్ష ఫలితం ఒక్కటే రావాలి. అది బాగుంటే ప్రయాణం, లేకుంటే లేదు.

"ఎడమ సేత్తో ఏటీ ఇవ్వకు. కూకున్నప్పుడు అరికాలు ఎదుటోడికి సూపించకు. రంజాను నెల్లో పగలు నలుగురి ముందూ నీళ్లు తాగకు."

"నీకిక్కడ ఏడాదంతా రంజానే కద మావా! డాక్టరు సెప్పాడని అత్త నీళ్లు కొలిసి ఇత్తాది."

గురువు ఆ పరిహాసాన్ని క్షమించి, ప్రధాన ఘట్టానికి వచ్చాడు. "కాఫీ బుల్లి కప్పులో ఇత్తారు. ఫింజాను అంటారు, దానికి పిడుండదు. ఖాళీ అయితే మళ్లీ పోత్తారు. సాలనుకుంటే కుడిసేత్తో అటూ ఇటూ ఊపి ఇచ్చెయ్యాల. ఆ సంగతి తెలీక మొదటి రోజు పోసిందల్లా తాగేసి, తెల్లార్లూ గుడ్లగూబలా కూకున్నాను."

ఉమామహేష్ ఖాళీ టీ కప్పు అందుకుని ఊపాడు.

"గిలక్కాయేటిరా అది! షేకు జడుసుకుంటాడు. మణికట్టు కదలాల, మొకం కదలకూడదు."

ఇంతలో ఫోను మోగింది. ఏజెంటు.

"ఆఁ... ఎంతుందండి?... మళ్లీ సేయిత్తే?... సరేనండి." ఉమామహేష్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "అన్‌ఫిట్ అంట మావా. క్రియాటినిన్."

ఊరూరా మూత్రపిండాల జబ్బున్న ఆ ఉద్దానం సీమలో పలక పట్టని పిల్లలు కూడా తప్పులేకుండా పలికే పరదేశపు మాట అదొక్కటే. కూర్మనాథాన్ని మస్కట్ నుంచి ఇంటికి చేర్చిందీ అదే. షేకుల సభల్లో ఎలా మెలగాలో ఎరిగిన ఆ పండితుడికి, మేనల్లుడి ముందు ఎలా కూర్చోవాలో తోచలేదు. "టీ పట్రాయే," అని మాత్రం లోపలికి కేకేశాడు.

గుమ్మం వెనక అంతా విన్న అత్త బొడ్డమ్మ టీ గిన్నె తెచ్చి, మేనల్లుడి కప్పు నింపింది. అతడు తాగాడు. మళ్లీ పోసింది. తాగాడు.

"ఇంకొంచెం తాగు నాన్నా," అంటూ ఆమె మళ్లీ గిన్నె వంచబోయింది.

ఉమామహేష్ ఖాళీ కప్పును కుడిచేత్తో మెల్లగా అటూ ఇటూ ఊపి, ఆమె చేతికిచ్చాడు. మణికట్టు కదిలింది. ముఖం కదలలేదు.

కూర్మనాథం ఆ చేతి వంకే చూస్తూ తప్పు కోసం వెతికాడు. ఒక్కటైనా దొరికితే పాఠం రేపటికి మిగిలేది.