అర మిల్లీలీటరు

వార్డులో అందరూ ఆమెను పిట్ట అనే పిలుస్తారు. సన్నగా ఉంటుంది, ఒకచోట కాలు నిలవదు, అందుకని. నర్సు పరీక్ష పాసై, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో చేరి మూడు వారాలైంది. చదువులో ఎప్పుడూ ముందుండేది కాబట్టి మొదటిరోజు ధీమాగానే అడుగుపెట్టింది. గాజుపెట్టెలో పడుకున్న బిడ్డను చూడగానే ఆ ధీమా కాస్తా ఎటు పోయిందో పోయింది. అరచెయ్యంత మనిషి. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. చర్మం కింద నరాలు నీలం దారప్పోగుల్లా ఉన్నాయి. ఆ చిన్ని ఛాతీ లేచి పడుతుంటే, తనకు తెలియకుండానే పిట్ట ఊపిరి బిగబట్టి చూసింది.

ఆ వార్డుకు పెద్ద దిక్కు పెద్ద సిస్టరు. ముప్ఫై ఏళ్ల సర్వీసు. డాక్టర్లు సైతం ఆమె దగ్గర గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆమె చెయ్యి పడితే చాలు, బిడ్డ గట్టెక్కినట్టేనని తల్లులు చెప్పుకుంటారు. పిట్టకైతే ఆమె నడిచిన చోట అడుగు వేయాలన్నా జంకే.

ఒక ఉదయం పది గంటలకు కిటికీ పక్కనున్న పాపకు ఇన్‌ఫెక్షన్ మందు ఇవ్వాల్సి ఉంది. పాప బరువు సరిగ్గా కిలో. తల్లి బట్టలు కుట్టే మనిషి. పాలు తెచ్చిచ్చి, మందు వేళ కావడంతో పెట్టె దగ్గర్నుంచి లేచి తలుపు పక్క స్టూలు మీద కూర్చుంది. పెద్ద సిస్టరు మందును సిరంజిలోకి తీసి, సీసాతో సహా ట్రేలో పెట్టి, పిట్టను పిలిచింది. ఇద్దరు విడివిడిగా చూడందే ఏ మందూ బిడ్డ ఒంట్లోకి వెళ్లకూడదన్నది అక్కడి నియమం.

"ఐదు మిల్లీగ్రాములే కదా సిస్టర్?" అంది పిట్ట.

"నన్నడక్కు. చీటీ చూడు, సీసా చూడు, పాప కాలికున్న నంబరు పట్టీ చూడు. చూసి నువ్వే చెప్పు."

పిట్టకు మొహమాటం ముంచుకొచ్చింది. ముప్ఫై ఏళ్ల చేతిని తాను పరీక్షించడమేమిటి? పైపైన చూసి సరే అనేద్దామనిపించింది కూడా. కానీ పెద్ద సిస్టరు చేతులు కట్టుకుని నిలబడింది. ఇక తప్పదని పిట్ట మొదలుపెట్టింది. కాలి పట్టీ మీది నంబరూ చీటీ మీది నంబరూ ఒకటే. డాక్టరు రాసింది ఐదు మిల్లీగ్రాములు. సిరంజిలో ఉన్నది అర మిల్లీలీటరు. సీసా మీద మందు పేరు సరిపోయింది, గడువు తేదీ ఇంకా చాలా ఉంది. పేరు కింద చీమల బారులా చిన్న అక్షరాలు. సీసాను వెలుతురులోకి తిప్పింది.

రెండు మిల్లీలీటర్లలో ఎనభై మిల్లీగ్రాములు.

మళ్లీ చదివింది. ఈ వార్డుకొచ్చే సీసాలో ఉండేది ఇరవై. అదే సైజు, అదే నీలం మూత, అదే పేరు. అంకె ఒక్కటే వేరు. వేళ్ల మీద లెక్క కట్టింది. అర మిల్లీలీటరుకి ఇరవై. పాపకు కావాల్సింది ఐదు.

సీసాను పెద్ద సిస్టరు ముందుకు చాచింది. "సిస్టర్, నేనేమైనా పొరబడ్డానేమో. ఇది పెద్దవాళ్ల సీసాలా ఉంది. నాలుగింతలు అవుతుంది."

పెద్ద సిస్టరు సీసా అందుకుంది. కళ్లజోడు సర్దుకుని, పెదాలు కదుపుతూ చదివింది. ఆ తర్వాత సిరంజిని ట్రేలోంచి తీసి పక్కన పెట్టేసింది.

"నువ్వు పొరబళ్లేదు," అంది నెమ్మదిగా. "నేను చదవలేదమ్మా. గుర్తు తెచ్చుకున్నాను, అంతే. ఆ అరలో ఎప్పుడూ ఇరవైదే ఉంటుంది కదాని నా కళ్లు ఇరవై అనే చూశాయి."

సరైన సీసా తెప్పించి, మందు కొత్తగా తీసి, ఇద్దరూ మొదటినుంచీ చూసుకుని పాపకు ఇచ్చారు. అంతటితో అయిపోయిందనుకుంది పిట్ట. పెద్ద సిస్టరు మాత్రం తిన్నగా తల్లి దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, ఇందాక మీ పాపకు నేను తీసిన మందు తప్పు. నాలుగింతలు తీశాను. ఇవ్వలేదు. ఈ అమ్మాయి చూసి ఆపింది."

తల్లి ముఖం పాలిపోయింది. "ఇచ్చుంటే ఏమయ్యేది?"

"చెవులు దెబ్బతినొచ్చు. కిడ్నీలు దెబ్బతినొచ్చు."

తల్లి లేచి పెట్టె దగ్గరికి వచ్చింది. పాప పెట్టెలోనే చిన్నగా ఆవులించింది. "ఇకమీదట మందిచ్చేటప్పుడు నేను పక్కనుండొచ్చా?" అని అడిగింది తల్లి.

"ఉండండి. పైకి చదివి వినిపిస్తాం."

పెద్ద సిస్టరు అక్కణ్ణుంచి వెళ్లి, పొరపాట్లు రాసే ఫారం తీసి, మొదటి గడిలో తన పేరే రాసుకుంది. చేతిరాత ఎప్పటిలాగే గుండ్రంగా ఉంది. పిట్ట పక్కనే నిలబడి చూస్తోంది. ఈమె కోప్పడుతుందేమో, కనీసం ముఖం చాటేస్తుందేమో అనుకుంది. అలాంటిదేమీ జరగలేదు. మనిషి ఇంత ఎత్తుకు ఎదగొచ్చని పిట్టకు ఇన్నాళ్లూ తెలియదు.

"పాపకేం కాలేదుగా సిస్టర్. రాయకపోయినా ఎవరికీ తెలిసేది కాదు," అంది ఆగలేక.

"నీకు తెలుసుగా. రేపు నీ చెయ్యి తప్పితే దాచుకోవడం నా దగ్గరే నేర్చుకునేదానివి." సంతకం పెట్టి కలం మూత పెట్టింది. "ఇంకో మాట. నేను పెద్దదాన్ననే కదా ముందు అలా నసిగావు? ఇంకెప్పుడూ నసక్కు. ఎదుట ఎవరున్నా సరే."

ఆ ఫారం మందుల స్టోరు దాకా వెళ్లింది. వారం తిరిగేసరికి పెద్దవాళ్ల సీసాలు వేరే గదికి మారాయి. పెద్ద సిస్టరు మాత్రం రోజూ మందు తీశాక పిట్టనే పిలిచేది. పిట్ట చదివేది, తల్లి వినేది. రెండు రోజులకు పక్క పెట్టె తల్లి కూడా స్టూలు దగ్గరికి లాక్కుంది. చిటికెన వేలి గోరంత మందు అది. దాని వెనక డాక్టరు రాత, లెక్క, రెండు జతల కళ్లు, ఒక తల్లి చెవులు. చదివిన ప్రతిసారీ పిట్టకు గుడిలో నిలబడ్డట్టే ఉండేది.

ఏడు వారాలకు పాప రెండు కిలోలు దాటింది. ఇంటికి పంపే రోజు విటమిన్ చుక్కల సీసా చేతిలో పెడుతుంటే తల్లి అడిగింది, "ఇంట్లో రెండో మనిషి ఎవరు సిస్టర్? నేనెవరికి చూపించాలి?"

"మీ ఆయనున్నారుగా," అంది పెద్ద సిస్టరు. "చూడకుండా సరే అంటే మాత్రం ఒప్పుకోకండి."

తల్లి నవ్వి పాపను భుజానికెత్తుకుంది. బయట వరండాలో పాప నాన్న సంచి నేలమీద పెట్టి, ఆమె ఇచ్చిన చుక్కల సీసాను ఎండకు పట్టి, కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. వెనకున్నవాళ్లకు దారి అడ్డమైనా పట్టించుకోలేదు. పిట్ట తలుపు దగ్గర నిలబడి, ఆయన చివరి అక్షరం దాకా చదివేంతవరకూ కదల్లేదు.